మూడు దెబ్బలు, ఒక తుడుపు

మీరు లేరు, నేను లేను, మన తాతలకింకా పేర్లు పెట్టని రోజులు. మిసిసిపీ నది మెలిక తిరిగే ఊళ్ళో, నల్లవాళ్ళుండే కిందపేటలో, ఒడీలత్త అని బట్టలుతికే మనిషి ఉండేది. చెక్కతో బట్టల్ని మూడు దెబ్బలు కొట్టేది. నాలుగోదానికి చెయ్యెత్తి మొహం మీది నురగ తుడుచుకునేది. దబ్, దబ్, దబ్, తుడుపు. ఇరవై ఏళ్ళు అంతే.

ఆ ఊళ్ళో ఏడాదికోసారి కార్నివాల్ అనే పండగ వస్తుంది. బానిసత్వం నుంచి పారిపోయిన తమవాళ్ళకి అడవిలో చోటిచ్చిన ఆదివాసుల్ని తలుచుకుని, కిందపేట, పైపేట నల్లవాళ్ళు పేటకో గుంపుగా ఈకలూ పూసలూ కుట్టిన వేషాలు కట్టి వీధుల్లోకొస్తారు. ఒక్కో వేషం ఏడాదంతా కుట్టాలి. వేషం కట్టిన నాయకుడు, ఎదురుగుంపు అడ్డొచ్చినా, ఎవరి ముందూ వంగకూడదు. డప్పు లేకుండా అడుగెయ్యకూడదు.

ఒక ఏడు పండగ పొద్దున్నే పోలీసులొచ్చి కిందపేట డప్పులన్నీ పట్టుకుపోయారు. అప్పటికే పైపేట గుంపు వీధి మొదటికొచ్చేసింది. డప్పు దొరక్కపోతే కిందపేట నాయకుడు బాసిల్ ఇంట్లోనే వేషం విప్పుకోవాలి. ఒక తలుపు తట్టాడు, లేదన్నారు. రెండో తలుపు తట్టాడు, లేదన్నారు. మూడోది ఒడీలత్తది.

“అత్తా, డప్పుందా?”

“నాకెందుకుంటుందిరా డప్పు. తొట్టి ఉంది.”

నీళ్ళు పారబోసింది. రేకుతొట్టి బోర్లించి తాడుతో నడుముకి కట్టుకుంది. వీధిలోకొచ్చి ఉతికే చెక్కతోనే మొదలెట్టింది. దబ్, దబ్, దబ్. నాలుగోదానికి చెయ్యి మొహం మీదికి పోయింది. నురగ లేదు, అలవాటు. నాలుగో దెబ్బ పడలేదు.

పైపేట నాయకుడు నవ్వాడు. “మీ తాళానికి చిల్లు పడిందే. వంగి దారివ్వరా బాసిల్.”

“వంగే పని నాది నాయనా, రోజూ చేస్తూనే ఉన్నా. వాడు వంగడు,” అంది ఒడీలత్త. “ఆ చిల్లులోంచే నడుస్తాడు, చూడు.”

దబ్, దబ్, దబ్. చెయ్యి లేచింది. ఆ ఖాళీలో బాసిల్ అడుగేశాడు. వేల పూసలు ఒక్కసారి గలగలమన్నాయి. ఇన్నేళ్ళూ డప్పుల మోతలో ఆ చప్పుడు ఎవరి చెవినా పడలేదు. రెండో అడుగుకి వీధి నోరు మూసుకుంది. మూడో అడుగుకి పైపేట నాయకుడు పక్కకి జరిగాడు.

“బాగుందిరా నీ వేషం,” అన్నాడు.

కొన్నేళ్ళకి ఒడీలత్త పోయింది. పేటంతా డప్పుల మీద అదే తాళంతో సాగనంపింది. కొత్తగా వచ్చిన డప్పువాడొకడు నాలుగో దెబ్బ కూడా వేశాడు. బాసిల్ వాడి చెయ్యి పట్టుకున్నాడు.

“అది అత్తది. వదిలెయ్.”

ఇప్పటికీ కిందపేటవాళ్ళు మూడు కొట్టి నాలుగోది వదిలేస్తారు. అందరి చేతులూ మొహం దాకా వెళ్ళొస్తాయి. ఆ కాస్తలో పూసలు పలుకుతాయి. కొత్తవాళ్ళెవరైనా, ఒక దెబ్బ మర్చిపోయారేంటి అనడిగితే, కిందపేటవాళ్ళు గడ్డం పైకెత్తి చెబుతారు.

“మర్చిపోలేదు. అత్త మొహం తుడుచుకుంటోంది.”