పొణికి కర్ర కోట

ఏ కాలం నాటి మాటో గానీ, అనగా అనగా ఒక ఏటికి ఇరువైపులా రెండు రాజ్యాలు ఉండేవి. ఇవతల మణిగిరి, అవతల హేమవరం. ఏటి నీటి కోసం రెండూ కొట్టుకుని కొట్టుకుని అలసిపోయాయి. చివరికి రాజులిద్దరూ ఒక ఒడంబడిక చేసుకున్నారు.

"ఇకమీదట యుద్ధం నేలమీద వద్దు, బల్లమీదే! బొమ్మ కోట, బొమ్మ సైన్యం. గెలిచినవారి పొలాలకే ఆ ఏడు మొదటి తడి."

ఒకరు కోటను విడి ముక్కలుగా పంపి, ఆట రోజున బొమ్మ సైన్యంతో దాన్ని ముట్టడించాలి. రెండోవారు దాన్ని కూర్చి కాపాడుకోవాలి. ఆట మధ్యలో కోట తనంతట తానే కూలితే ఓడినట్టే.

ఆ ఏడు మణిగిరి రాజు జయకేతుడికి హేమవరం నుంచి పెద్ద పెట్టె వచ్చింది. మూత తీస్తే లోపల నాలుగు వందల ముక్కలు, అన్నీ బొమ్మలు చెక్కే తేలికైన పొణికి కర్రవే! గోడలు, బురుజులు, మెట్లు, గోరంత కిటికీలు. అడుగున, ఏది ఎక్కడ కూర్చాలో చెప్పే తాటాకు. ఆటకు గడువు పదిహేను రోజులు.

"కోటలు పట్టినవాణ్ణి, కోట కట్టలేనా?" అంటూ సేనాపతి ఉగ్రసేనుడు ముందుకొచ్చాడు. తాటాకు వంక చూడనే లేదు. సింహద్వారం అతికించేశాడు, చుట్టూ గోడలు అతికించేశాడు. తీరా చూస్తే లోపలి నేలపలక బయటే ఉండిపోయింది! సేనాపతి మీసం నిండా జిగురే. సభంతా పకపకా నవ్వింది.

తర్వాత ఆస్థాన శిల్పి చిత్రరథుడు వచ్చాడు. తాటాకు చదివాడు, ఒక పక్క గోడలు ఊడదీసి నేలపలక లోపల పెట్టాడు. కానీ ఒక గోడ గాడిలో కూర్చోలేదు. సుత్తితో ఒక్కటి వేశాడు. గోడ నిలువునా పగిలింది.

"నా అంతటివాడు తప్పు చేశాడంటే పరువేం కాను?" అనుకుని పగులులో మైనం నింపి, పైన రంగు పూశాడు. "సిద్ధం మహారాజా!" అన్నాడు.

రాజు ముచ్చటపడి ఆ గోడమీద ఒక ఇత్తడి ఏనుగును నిలబెట్టాడు. అంతే! ఫెళ్లున గోడ విరిగి, కోట సగం కూలింది.

ఇక ఐదు రోజులే మిగిలాయి. పొలాల్లో నారు వాడిపోతోంది. రాజుకు అన్నం సయించలేదు.

అప్పుడు బొమ్మలు చేసుకుని బతికే పైడితల్లి అనే అవ్వ సభకు వచ్చింది. "మారాజా, ఇది చింతగింజల జిగురే. వేడినీళ్ల గుడ్డ కప్పితే ఊడొస్తుంది. నన్నోసారి చూడనివ్వండి."

ముక్కలన్నీ విడదీసి చాపమీద పేర్చింది. విరిగిన గోడకు బదులు కొత్తది చెక్కింది. జిగురు ముట్టకుండా కోటంతా ఒకసారి ఉత్తినే నిలబెట్టి చూసింది. అన్నీ కుదిరాకే ఒక్కో ముక్కా అతికించింది. నాలుగో రోజుకి కోట ఠీవిగా నిలిచింది.

ఆట రోజు పొద్దున, దుమ్ము తుడుస్తుంటే అవ్వ చేయి తగిలి తూర్పు బురుజు లోపలి గుంజ విరిగింది. బయటికేమీ కనబడదు. కొత్తది అతికితే ఆరడానికి ఒక పగలంతా కావాలి. హేమవరం రాజు రథం అప్పటికే వాకిట్లో ఆగింది.

అవ్వ చేతిగుడ్డ పక్కన పెట్టింది. తిన్నగా రాజు దగ్గరికి వెళ్లి, చెవిలో చెప్పింది. "మారాజా, తూర్పు బురుజు గుంజ నా చేతిలో విరిగింది. తప్పు నాదే. పైన బరువు పెడితే కూలుతుంది."

పక్కనే ఉన్న శిల్పి గొణిగాడు. "ఊరుకుంటే ఎవరికి తెలిసేది?"

"ఎవరికి తెలియకపోయినా, ఆడే మారాజుకు తెలియాలి కదా బాబూ!"

రాజు కోప్పడలేదు. వెళ్లి ఆట బల్ల ముందు కూర్చున్నాడు. తూర్పు బురుజు మీద ఒక్క బంటునూ పెట్టలేదు. విలుకాండ్రనందరినీ దానికి అటూ ఇటూ ఉన్న గోడలమీద నిలిపాడు.

హేమవరం రాజు కళ్లు ఖాళీ బురుజు మీద పడ్డాయి. "ఆహా, ఇక్కడ కాపలా మరిచారు!" అని తన ఏనుగులన్నిటినీ అటే నడిపాడు. రెండు గోడల విలుకాండ్ర మధ్య అవి చక్కగా చిక్కుకుపోయాయి. ఆట ముగిసింది. కోట నిలిచే ఉంది!

సాయంత్రానికి మణిగిరి కాలువల్లో నీళ్లు గలగలమన్నాయి. రాజు అవ్వను తన పక్కనే కూర్చోబెట్టుకుని విందు చేశాడు.

శిల్పి తల వంచుకుని వచ్చాడు. "అవ్వా, ఉత్తినే నిలబెట్టి చూడడం నాకూ నేర్పవూ?"

"దాందేముంది బాబూ, రేపు పొద్దున్నే రా. కూర్చోవడానికి చాప మాత్రం నువ్వే తెచ్చుకో!" అని అవ్వ నవ్వింది.

అందుకే పిల్లలూ, దాచిన పగులు కోటను కూలుస్తుంది. ఒప్పుకున్న పగులు కోటను కాస్తుంది.