తిప్పన్న మోసిన పెళ్లిబుట్ట

అనగనగా, రాజవీధిలో ఏనుగు వెళ్తుంటే పిల్లలు అరుగుల మీద నిలబడి దాని వీపు తాకే రోజుల్లో, ఏటి ఒడ్డున సిరివీడు అనే చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజుగారి వంటశాలలో రుచి చూసే కొలువు తిప్పన్నది.

రాజుగారు తినే ప్రతి వంటకమూ ముందు తిప్పన్న నాలుక మీదకు రావాలి. ఒక్క ముద్ద చాలు నిజానికి. కానీ తిప్పన్నకు మొదటి ముద్ద ఉప్పు సంగతి చెప్పేది, రెండో ముద్ద పులుపు సంగతి చెప్పేది, మూడో ముద్ద ఇంకొకటి తినమని చెప్పేది. ఇరవై ఏళ్లు ఇలా కొలువు చేసేసరికి మనిషి ధాన్యపు గాదెలా తయారయ్యాడు. నలుగురు బోయీలు మోసే పల్లకీకి ఆరుగురు, ఆపైన ఎనిమిది మంది కావలసి వచ్చారు. అయినా బోయీలు ఆయన్ని పల్లెత్తు మాట అనేవారు కాదు. తన వాటా అరిసెల్లో సగం వాళ్లకే పెట్టేవాడు మరి.

తిప్పన్నకు ఒక్కతే చెల్లెలు, మల్లాంబ. మల్లాంబకు ఒక్కతే కూతురు, చెంగల్వ. తండ్రి లేని పిల్ల. మేనమామ అంటే ప్రాణం. ఆ పిల్లకు మాఘమాసంలో పెళ్లి కుదిరింది, ఇంకా ఏడు నెలలుంది.

సిరివీడులో ఒక ఆచారం ఉంది. పెళ్లికూతుర్ని వెదురుబుట్టలో కూర్చోబెట్టి, మేనమామ ఒక్కడే ఎత్తుకుని వీధి గుమ్మం నుంచి పెళ్లిపందిరి దాకా మోసుకురావాలి. యాభై అడుగుల దారి. ఆయన మోయలేకపోతే మగపెళ్లివారు మోస్తారు. అప్పుడు ఆ పిల్లకు పుట్టింట నా అన్నవాడే లేడని లోకం అనుకుంటుంది.

చెంగల్వ ఆ పెళ్లి కబురు చెప్పడానికే వంటశాలకు వచ్చింది. తిప్పన్న దీవించబోయి పీట మీద నుంచి లేవలేకపోయాడు. ఇద్దరు వంటవాళ్లు వచ్చి లేపారు. చెంగల్వ నవ్వలేదు.

"మామయ్యా, నువ్వు ఎత్తలేకపోతే నేను నడిచే వస్తాను. ఇంకొకరి చేతుల్లో మాత్రం రాను" అంది.

ఆమె వెళ్లాక తిప్పన్న కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఏమైనా సరే ఒళ్లు వంచాలనుకున్నాడు.

ఇక్కడే పిల్లలూ, సిరివీడు వాళ్లకు ఒక పిచ్చి ఉంది. ఏ మంచిపని మొదలుపెట్టినా మొదటి రోజే నూట ఎనిమిదిసార్లు చేయాలంటారు. ప్రదక్షిణలకు బాగానే ఉంటుంది. తిప్పన్న దాన్ని వ్యాయామానికి కూడా పెట్టాడు. మంచిరోజు చూసుకుని, మల్లులు సాము చేసే తాలింఖానాకు వెళ్లి, వీరజెట్టి అనే మల్లుడి ముందు నూట ఎనిమిది బస్కీలు మొదలుపెట్టాడు. ముప్పై ఒకటోదానికి మోకాలు కటుక్కుమంది. ఆముదం ఆకుల కట్టుతో పదిహేను రోజులు మంచం పట్టాడు. వీరజెట్టి మంచివాడే పాపం. తనకు చిన్ననాటి నుంచీ అలవాటైన పని అందరికీ సులువేననుకున్నాడు, అంతే.

కట్టు విప్పగానే తిప్పన్న రెండో ప్రయత్నం చేశాడు. ఊరి పక్క గుట్టకు సరిగ్గా నూట ఎనిమిది మెట్లున్నాయి. వాటిని ఆగకుండా ఎక్కితే కొవ్వు కరుగుతుందని రాజుగారి వేగులవాడు చెప్పాడు. ఊరంతా చూడటానికి వచ్చింది. అరవయ్యో మెట్టు దగ్గర గుండెల మీద ఎవరో కూర్చున్నట్టయింది, చల్లని చెమట పట్టింది. ఆగుదామనుకున్నాడు. కింద జనం చప్పట్లు కొడుతుంటే సిగ్గేసింది. ఇంకో నాలుగు మెట్లెక్కి కుప్పకూలాడు. ఎనిమిది మంది బోయీలూ ఏడుస్తూ ఆయన్ని కిందికి మోసుకొచ్చారు.

వైద్యురాలు నాగసానమ్మ మూడు రోజులు ఆయన పక్కనే కూర్చుంది. నాడి కుదుటపడ్డాక అక్షింతలు వేసింది. "నీ గుండె ఇరవై ఏళ్లుగా కూర్చున్న మనిషిని మోస్తోంది నాయనా. దాన్ని ఒక్కరోజులో కొండెక్కమంటే ఎలా? నన్నొక్క మాట అడిగావా?"

ఇక కదలనే వద్దా అని తిప్పన్న దిగులుగా అడిగాడు. కదలకపోతే ఇంకా చేటని ఆమె చెప్పింది. నెల రోజులు మందు వాడించి, మళ్లీ నాడి చూసి, అప్పుడు నడకకు సెలవిచ్చింది. వారం వారం వచ్చి కనబడమంది. గుండె పట్టేసినా కళ్లు తిరిగినా అక్కడికక్కడే ఆగి తనకు కబురు పెట్టమంది. నేర్పేవాడు కావాలంటే మల్లుల దగ్గరికి కాదు, గజశాలకు వెళ్లమంది.

గజశాలలో కేతయ్య అనే ముసలి మావటి ఉన్నాడు. ఆయన ఏనుగు పేరు మందార. కాలికి పుండు పడి ఏడాదిపాటు కట్టేసి ఉండటంతో అది మేత మేసి మేసి బాగా ఒళ్లు చేసింది. పుండు మానాక దానికి మళ్లీ నడక నేర్పుతున్నాడు. తిప్పన్న వెళ్లి రోజుకు నూట ఎనిమిది చుట్లు తిరగాలా అని అడిగాడు.

"నూట ఎనిమిది దేవుడికి దొరా. మీ మోకాళ్లకు పది అడుగులు చాలు. బాగుంటే రేపు పదకొండు" అన్నాడు కేతయ్య.

అలా మందార ఒక పక్క, తిప్పన్న ఒక పక్క, మధ్యలో కేతయ్య. నడుస్తున్నంతసేపూ కబుర్లు చెప్పాలని కేతయ్య షరతు పెట్టాడు. తిప్పన్నకు తెలిసిన కబుర్లు వంటలే కాబట్టి పనసపొట్టు కూర ఎలా వండాలో మొదలుపెట్టేవాడు. ఆవ ఎప్పుడు పెట్టాలో చెప్పేలోపు మాట తెగిపోయేది. మాట తెగిన చోటే ముగ్గురూ ఆగేవారు. శ్వాస కుదిరాక వెనక్కి తిరిగేవారు.

తర్వాత ఏట్లో దిగేవారు. రొమ్ముల్లోతు నీళ్లలో నడుస్తుంటే మోకాళ్లు నొప్పి పెట్టలేదు. తన ఒళ్లు తనకు బరువనిపించక ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు తిప్పన్నకు. సంతోషం పట్టలేక పసివాడిలా నీళ్లు చరిచాడు. మందార తొండంతో ఆయన్ని నిలువునా తడిపేసింది.

రెండు నెలలు గడిచేసరికి పనసపొట్టు కూర పూర్తయి, పులిహోరలో సగం దాకా వచ్చారు. ఒకరోజు మందార బజారు నడిబొడ్డున నిలబడిపోయింది. జనం మూగి నవ్వారు. కేతయ్య అదిలించలేదు, అంకుశం ఎత్తలేదు, తీరిగ్గా పక్కనే నిలబడ్డాడు. ఇంతమంది చూస్తుంటే సిగ్గుగా లేదా అని తిప్పన్న గొణిగాడు.

"దానికి అలసట తెలుసు దొరా, సిగ్గు తెలియదు. అందుకే నెమ్మదిగానైనా కోలుకుంది" అన్నాడు కేతయ్య.

ఆ రోజు ఇంటికి నడుస్తున్నంతసేపూ తిప్పన్నకు గుట్ట మీద తాను సిగ్గుపడి ఎక్కిన ఆ నాలుగు మెట్లే గుర్తొచ్చాయి.

చివరి రెండు నెలలూ నాగసానమ్మ అనుమతితోనే బుట్ట ఎత్తడం నేర్చుకున్నాడు. ముందు ఖాళీ బుట్ట, తర్వాత కుంచెడు వడ్లు, ఆ తర్వాత రెండు కుంచాలు, అలా పెంచుకుంటూ చెంగల్వ బరువు దాకా. తిప్పన్న సన్నబడిపోయాడనుకునేరు, అదేం లేదు. బొజ్జ కాస్త తగ్గింది, ముద్దలు మూడు నుంచి ఒకటికి దిగాయి. కానీ పీట మీద నుంచి తనంతట తాను లేస్తున్నాడు. బోయీలకు పల్లకీ మోసే పని పోయి, ఊరికే అరిసెలు తినడానికి వస్తున్నారు.

పెళ్లిరోజు వచ్చింది. సన్నాయి మొదలైంది. చెంగల్వ బుట్టలో కూర్చుంది. తిప్పన్న మోకాళ్లు వంచి, ఊపిరి పీల్చి, ఎత్తాడు. పదిహేను అడుగులు వేసేసరికి ఆయాసం వచ్చింది. చెంగల్వతో చెబుతున్న మాట మధ్యలో తెగింది. సన్నాయి సాగుతూనే ఉంది, అందరి కళ్లూ ఆయన మీదే ఉన్నాయి. పెళ్లికొడుకు అన్న చేతులు చాచి ముందుకు వచ్చాడు.

తిప్పన్న బుట్టను నెమ్మదిగా నేల మీద దించాడు. సన్నాయి ఆగిపోయింది. బుట్ట దారిలో దించడం ఎక్కడైనా ఉందా అని ఒక పెద్దావిడ బుగ్గలు నొక్కుకుంది. చెల్లెలు మల్లాంబ కళ్లు మూసుకుంది.

తిప్పన్న నడుం మీద చేతులు పెట్టుకుని అందరికీ వినబడేలా అన్నాడు. "నా పిల్లను వదలలేదమ్మా. ఆయాసం దించుకుంటున్నాను, అంతే."

చెంగల్వ పకపకా నవ్వి, చెంగుతో మామయ్య చెమట తుడిచింది. శ్వాస కుదిరాక ఆయన మళ్లీ ఎత్తాడు. అలా మూడుసార్లు దించాడు, మూడుసార్లూ ఎత్తాడు. యాభయ్యో అడుగు పందిట్లో పడింది. బుట్టలోంచి దిగిన చెంగల్వ ముందు ఆయన కాళ్లకే దండం పెట్టింది. ఆయన ఎవరి సాయమూ లేకుండా వంగి పిల్లను లేపి గుండెకు హత్తుకున్నాడు. మల్లాంబ ఒక పక్కా, బోయీలు ఇంకో పక్కా కళ్లొత్తుకున్నారు.

ఆనాటి నుంచి సిరివీడులో మేనమామ ఎంతటి బలశాలి అయినా సరే, పెళ్లిబుట్టను దారిలో మూడుసార్లు దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తుతాడు. అలా చేయకపోతే పెళ్లి జరిగినట్టే కాదంటారు. కథ ఇంతే, వినే మీకూ చెప్పే నాకూ ఆయువు నిండుగా ఉండాలి.

నీతి: ఒంటికి మేలు చేయాలంటే ఒంటి మాట వినాలి, కొంచెంతో మొదలుపెట్టి, అలసిన చోట సిగ్గుపడకుండా ఆగినవాడే చివరిదాకా నడుస్తాడు.