గంతుపాట చివరి మలుపు

అనగనగా చిత్రకూటకమనే రాజ్యం, దానికో రాజుగారు. ఆటపాటలంటే ఆయన చెవి కోసుకుంటాడు. ఆయనకు పెద్దది కూతురు మంజరి, ఆ తర్వాత ముగ్గురు కొడుకులు. మంజరి గజ్జె కట్టిందంటే సభలో ఒక్కడూ దగ్గేవాడు కాదు.

ఒకనాడు నిండు సభలో ఆమె ఆడుతుండగా కాలదంష్ట్రుడనే మాంత్రికుడు ఊడిపడ్డాడు.

"నన్ను పెళ్ళాడు!" అన్నాడు.

"నీ మొహం ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా?" అంది మంజరి.

మాంత్రికుడు ఉఫ్‌మని ఊదాడు. అంతే! ఎత్తిన పాదం ఎత్తినట్టే రాయైపోయింది.

"ఈ రాయి రోజుకో వేలిమందం పైకి పాకుతుంది. తలదాకా వచ్చిందా, ఇక అంతే! ఏడు సముద్రాల అవతల పచ్చదీవిలో పుట్టిన గంతుపాట వాయిస్తే తప్ప దీని కాలు కదలదు. ఆ పాట నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు!" అని పకపకా నవ్వి మాయమయ్యాడు.

పెద్ద కొడుకు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు సైన్యాన్ని వెంటేసుకుని వెళ్ళాడు, సైన్యం సముద్రాన్ని చూసి వెనక్కొచ్చేసింది గానీ వాడు రాలేదు. ఇక మిగిలింది మూడోవాడు నీలకేతు. కత్తిసాము అంతంతమాత్రం. కానీ ఫిడేలు బాగా వాయిస్తాడు. ఎంత కొత్త పాటైనా ఒక్కసారి వింటే చాలు, సరిగమలు కట్టి తాటాకు మీద గీసేస్తాడు. ఆ సంగతి మీద కాస్త గీర కూడా ఉంది లెండి.

ఫిడేలు భుజాన వేసుకుని వెళ్ళేముందు అక్క పాదాలు ముట్టుకుంటే చల్లటి రాయి తగిలింది. నీలకేతు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడవకురా తమ్ముడూ. వేగిరం రా," అంది మంజరి.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కుకున్న ఒక తాబేలును నీలకేతు విడిపించాడు. "నా వీపెక్కు నాయనా, ఎక్కడికెళ్ళాలన్నా దింపి వస్తాను," అంది తాబేలు. ఒక సముద్రం దాటింది, రెండు సముద్రాలు దాటింది, ఏడు సముద్రాలూ దాటింది.

పచ్చదీవిలో ఎటు చూసినా పచ్చిక, పైన ఆగని తుంపర. ఒడ్డున అన్నలిద్దరూ రాతిబొమ్మలై నిలబడి ఉన్నారు! ఆ పక్కనే ఒక అవ్వ ఒళ్ళో ఫిడేలు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది.

"ఆ మాంత్రికుడు మా అందరి చెవుల్లోంచీ పాటను లాగేశాడు నాయనా. నా మనవరాలు ఊనానూ ఎత్తుకుపోయాడు. కొండగుహలో వాడికో చిలుక ఉంది. పాటా అందులోనే, వాడి ప్రాణమూ అందులోనే," అంది అవ్వ.

"అది ఒక్కసారి పాడితే చాలవ్వా, రాసేసుకుంటాను."

అవ్వ నిర్ఘాంతపోయింది. "రాస్తావా? ఇదెక్కడి బుద్ధయ్యా! మా పాట చెవిలోంచి చెవిలోకే పోతుంది. ముందు చేతులు కట్టుకుని మూడుసార్లు విను. తర్వాత కూనిరాగం తియ్యి. ఆ తర్వాతే ఫిడేలు కమాను పట్టు."

విన్నాడా? వినలేదు. మాంత్రికుడు వేటకెళ్ళడం చూసి గుహలో దూరాడు. చిలుక పాడింది. తకిట తకిట, తకిట తకిట! కుర్రాడు గబగబా గీశాడు. గీసిన అక్షరాలు చీమల్లా ఆకు దిగి పారిపోయాయి.

రెండో రోజు ఒళ్ళు మండి కత్తితో వెళ్ళి చిలుక మెడ పట్టుకున్నాడు.

"చంపు రాకుమారా. వాడూ చస్తాడు, పాటా చస్తుంది. మరి మీ అక్క?" అంది చిలుక.

చేతిలో కత్తి ఠంగున కింద పడింది.

మూడో రోజు బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మొదటిసారి విన్నప్పుడు పాటంతా ఒక్కలాగే వినిపించింది. రెండోసారి అది ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ దిగుతుందో తెలిసింది. మూడోసారి అతని బొటనవేలు దానంతటదే నేలను తట్టింది. కూనిరాగం తీశాడు. కమాను పట్టాడు. పాట నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగిపోయింది.

"చివరి మలుపు నాకూ తెలీదు," అంది చిలుక. "అది వాడు తన పళ్ళ వెనకే దాచుకున్నాడు. పాటంతా ఇంకో మనిషికి వచ్చేసిందంటే వాడి పని అయిపోతుందిగా!"

సరిగ్గా అప్పుడే గుహ గుమ్మంలో మాంత్రికుడు!

"ఎవడ్రా నువ్వు?" అంటూ ఊదడానికి బుగ్గలు పూరించాడు. నీలకేతుకి చటుక్కున ఒక ఉపాయం తట్టింది. పాట ఎత్తుకుని, చివరి మలుపులో తన సొంత కవిత్వం ఏదో కలిపేశాడు. మాంత్రికుడి ఊపిరి కాస్తా "ఛీ!" అని బయటికి పోయింది. మళ్ళీ బుగ్గలు పూరించాడు. నీలకేతు ఇంకో తప్పు వాయించాడు. మాంత్రికుడు చెవులు మూసుకున్నాడు. మూడోసారి మరీ ఘోరంగా వాయించాడు.

"అలా కాదురా మొద్దూ! అక్కడ దిగకూడదు, ఎక్కాలి!" అని అరిచి, ఆ మలుపు తనే పాడేశాడు.

పాడేశాక గబుక్కున నోరు మూసుకున్నాడు. ఏం లాభం? పాట వచ్చినవాడు ఎదుటివాడి తప్పు విని ఊరుకోగలడా పిల్లలూ! మాంత్రికుడైతే మాత్రం!

నీలకేతు మొదటినుంచి చివరిదాకా పాటంతా వాయించాడు. మాంత్రికుడి కాళ్ళు వాడి మాట వినకుండా లేచాయి. గంతు మీద గంతు, గంతు మీద గంతు. గంతులేసి గంతులేసి గుప్పెడు బూడిదై రాలిపోయాడు. చిలుక ఈకలు జలజలా రాలాయి. ఆ చోట కుంకుమరంగు జుట్టుతో ఒక అమ్మాయి నిలబడింది!

"నేనే ఊనాని. నిన్న నా మెడ నులమబోయావు, జ్ఞాపకముందా?" అంది ఆ అమ్మాయి.

పాపం, అతనికి సిగ్గుతో తల దించుకోవడం తప్ప వేరే దారి లేకపోయింది. ఊనా నవ్వేసింది. ఒడ్డున నీలకేతు ఆ పాట వాయించగానే అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుని లేచారు. అవ్వ దీవినంతా పోగేసి, ఆ పాట నీలకేతు దగ్గర విని మళ్ళీ నేర్చుకుంది.

తాబేలు అందరినీ ఇంటికి చేర్చేసరికి రాయి మంజరి పెదాల మీదికి వచ్చేసింది. మాట లేదు. కళ్ళు మాత్రం తలుపు వైపే చూస్తున్నాయి. రాజుగారు గోడకు చేరగిలబడి పసివాడిలా ఏడుస్తున్నారు. నీలకేతు కమాను పట్టుకుని పాట ఎత్తుకున్నాడు. పాట సగమైంది, ఏమీ కాలేదు. కానీ ఆపలేదు. చివరి మలుపు ఎక్కగానే ఫెళ్ళున రాయి పగిలి మంజరి గంతేసింది! పాట అయ్యేదాకా ఆడి, అప్పుడు వచ్చి తమ్ముడి నెత్తిన ఒక్కటిచ్చింది.

"వేగిరం రమ్మన్నానా లేదా?" అని వాణ్ణి వాటేసుకుని భోరుమంది.

నీలకేతుకీ ఊనాకీ అంగరంగ వైభవంగా పెళ్ళయింది. అన్నలే పట్టుబట్టడంతో తండ్రి తర్వాత నీలకేతే రాజై అరవై ఏళ్ళు చల్లగా ఏలాడు. ఎవరు వచ్చి పాట అడిగినా కింద చాప మీద కూర్చుని, వాళ్ళ చెవికెక్కేదాకా వాయించేవాడు. అందాకా ఎంత పిలిచినా భోజనానికి లేచేవాడు కాదట.