తుంటిలో దూరిన చేతబడి

నల్లవాగు కోటనేలే పద్మకేతు మహారాజుకి ఒక తెల్లవారుజామున ఉన్నట్టుండి కుడి తుంటిలో నొప్పి పుట్టింది. పక్కమీంచి కాలు దించబోతే ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. యుద్ధంలో బాణం దిగినా అబ్బా అనని మనిషి, సింహాసనం ఎక్కేలోపు మెట్టుకోసారి కన్నతల్లిని తలుచుకున్నాడు.

కూర్చున్నాక సభనంతా ఓ చూపు చూసి, "నన్నెవరూ నవ్వించొద్దు. నవ్వితే తుంటి అదురుతోంది" అన్నాడు.

ఆ మాట పోలాంబకి గుచ్చుకుంది. రాజు పక్కన తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడటం ఆవిడ కొలువు. ఆయన్ని నవ్వించడం ఆవిడ అలవాటు. ఆ నోటికి జడిసి మంత్రులు కూడా పక్కదారిన పోయేవాళ్లు.

ఆస్థాన వైద్యుడు భోగలింగం ముందుకొచ్చాడు. ఆయన బిరుదులన్నీ చదవడానికి ఓ పూట పడుతుంది కాబట్టి వదిలేద్దాం. రాజు నాడి పట్టుకుని కళ్లు మూశాడు. సభ తనని చూస్తోందో లేదో ఒక కన్ను తెరిచి చూసుకుని, మళ్లీ మూశాడు.

"ఇది రోగం కాదు ప్రభూ. చేతబడి. తమరంటే కడుపుమంట ఉన్నవాళ్ల పని."

"ఎవరికయ్యా నేనంటే అంత మంట?"

"వంటసాల ఎర్రమ్మకి."

ఎర్రమ్మకి మంట ఉన్న మాట నిజమే. కొత్తావకాయ జాడీలు తరిగిపోతున్నాయని రాజు కొట్టుగదికి తాళం వేయించాడు. జానెడు ఇనప తాళంచెవి కుడి రొంటిన దోపుకుని తిరుగుతున్నాడు. రాత్రయినా తియ్యడు. "నా ఒంటి కింద ఉంటే ఏ దొంగ లాగుతాడు" అని గొప్పగా చెప్పుకున్నాడు కూడా. తల నెరిసేదాకా ఆ జాడీలు కలిపిన చెయ్యి ఎర్రమ్మది. తాళం చూడగానే ఒళ్లు మండి, "ఎన్నాళ్లు మోస్తారో మోయనీ" అంది. ఆ మాట వైద్యుడి దాకా పాకింది.

"రేపు పొద్దెక్కేలోపు ఎర్రమ్మ కోట దాటాలి" అన్నాడు రాజు.

ఎర్రమ్మ చేతిలో గరిటెతోనే సభకి వచ్చింది. రాజుతో కాదు, పోలాంబతో అంది. "నాకు పులుసు పెట్టడం వచ్చు అక్కా. చేతబళ్లు నాకేం తెలుసు? ఈ వయసులో ఇంకెవరి పొయ్యి దగ్గరికి పోను?"

పోలాంబ తాంబూలం పెట్టె కింద పెట్టింది.

"ప్రభూ, వైద్యులుగారి మాటే నిజమనుకుందాం. ఎక్కించిన దాన్ని దింపొచ్చు కదా. నాకు నెల్లాళ్లు గడువివ్వండి. మీ తుంటిలో నొప్పి తీసి ఇంకొకరి తుంటిలో పెడతాను. చేతకాకపోతే ఎర్రమ్మతో పాటు నేనూ పోతాను. దార్లో కబుర్లకి తోడుంటాను."

రాజుకి పందేలంటే మోజు. "ఎవరి తుంటిలో పెడతావు?"

"ఎవరొప్పుకుంటే వాళ్ల తుంటిలో."

భోగలింగం మీసం దువ్వుకున్నాడు. "నా తుంటిలో పెట్టు, చూద్దాం. నా మొలతాడుకి తాయెత్తులు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఏ చేతబడీ నా గడప తొక్కలేదు."

"మీ ఇష్టం" అని పోలాంబ రాజు వైపు తిరిగింది. "వైద్యం సాగినన్నాళ్లూ తమ ఒంటిమీద ఇనుము ఉండకూడదు. ఆ తాళంచెవి బాగా నమ్మకమైన మనిషికి ఇవ్వండి. తమలాగే రొంటిన దోపుకోవాలి, తమలాగే దానిమీదే పడుకోవాలి. అంత నమ్మకస్తుడు ఈ సభలో ఉన్నాడో లేడో మరి."

"నేనుండగా ఆ అనుమానమేమిటి?" అని భోగలింగం అప్పటికే చెయ్యి చాచాడు.

పోలాంబ వైద్యం చూసి దాసీలు ముక్కున వేలేసుకున్నారు. మంత్రం లేదు, ముగ్గు లేదు. రాజుని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ల మధ్య దూదిదిండు పెట్టించింది. నొప్పి ఉన్నచోట కుండనీళ్లలో ముంచిన గుడ్డ వేయించింది. బాసింపట్టు వేసుకుంటే ఊరుకోలేదు. గుర్రమెక్కుతానంటే జీను దాచేసింది. "కాసేపు చదును నేలమీద నడవండి ప్రభూ. మెట్లు ఎక్కడికీ పారిపోవు" అంది. రాజు చంటిపిల్లాడిలా గునిశాడు గానీ, మాట విన్నాడు.

నెల తిరిగింది. రాజు తల్లిని తలవకుండా సింహాసనం ఎక్కి కూర్చున్నాడు. భోగలింగం జాడ లేదు. కబురు పెడితే, ఒక చెయ్యి కుడి తుంటి మీద వేసుకుని, రెండో చేత్తో స్తంభం తర్వాత స్తంభం పట్టుకుంటూ వచ్చాడు.

"ఏమైందయ్యా?"

"పక్కమీంచి లేవబోతే ప్రభూ... మేకు దిగినట్టు..."

రాజు ముఖం పాలిపోయింది. "అది నా నొప్పే. నిజంగానే తీసి పెట్టేసింది."

"వైద్యులుగారూ, ఇది చేతబడేనా?" అని పోలాంబ తీయగా అడిగింది.

భోగలింగం ఇరుకున పడ్డాడు. అవునంటే తాయెత్తులు దండగ. కాదంటే ఎర్రమ్మ మీద నింద దండగ. తాయెత్తులు తడుముకున్నాడు. బిరుదులన్నీ గుర్తు తెచ్చుకున్నాడు.

"చేతబడి... కాదనుకుంటాను" అన్నాడు నేలచూపులు చూస్తూ.

"మరేమిటి పోలాంబా ఇది?" అన్నాడు రాజు.

"చెవిబడి, ప్రభూ."

"అదెక్కడి జబ్బు?"

"తుంటి ఎముకకీ పైకండకీ మధ్య చిన్న మెత్త ఉంటుంది. దేవుడు పెట్టిన దిండు. రాత్రంతా జానెడు తాళంచెవి మీద పడుకుని దాన్ని నలిపితే, వాచిపోయి పగబడుతుంది. తమకొచ్చిందీ అదే, వైద్యులుగారికొచ్చిందీ అదే. ఈ చెవి ఒక్క తుంటినే కుంటిస్తుంది. ఎవరేం చెప్పినా నమ్మేసే ఇంకో చెవి ఉంది చూశారూ, అది మొత్తం వంటసాలనే కుంటిస్తుంది."

రాజు తన చెవి తడుముకున్నాడు. తర్వాత తుంటి తడుముకున్నాడు. ఆ తర్వాత సింహాసనం కిర్రుమనేలా నవ్వాడు.

తుంటి అదరలేదు.

చేతి కంకణం తీసి పోలాంబ పెట్టెలో వేసి, "ఇంకేం కావాలో అడుగు" అన్నాడు.

"ఆ తాళంచెవి వంటసాలలో మేకుకి తగిలించండి ప్రభూ, ఎర్రమ్మ చేతికందేలా. మేకుకి తుంటి ఉండదు."

ఈసారి సభంతా నవ్వింది. ఎర్రమ్మ గరిటె అడ్డుపెట్టుకుని నవ్వింది. భోగలింగం కూడా నవ్వబోయి, "అమ్మా" అని మధ్యలోనే ఆగిపోయాడు.

పోలాంబ దూదిదిండు తెచ్చి ఆయన చంకన పెట్టింది.

"మీరు నవ్వకండి వైద్యులుగారూ. తుంటి అదురుతుంది."