అరిచి చెప్పిన కథ

అమలాపురంలో అనంతాచార్యులు మాస్టారికి ఒక అలవాటుండేది. రాసేవాళ్ళు సందేహంతో వస్తే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని చెప్పేవారు.

ఒక సాయంత్రం ఎస్తేరు ఆయన దగ్గరికి వచ్చింది. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేస్తూ, దొరికిన తీరికలోనే ఏళ్ళ తరబడి కూర్చుని ఆమె ఒక పెద్ద నవల రాసింది. ప్రచురణకర్తలు ముందుగా కథాసారం ఒక్క పేజీలో, ముగింపుతో సహా, రాసి పంపమన్నారు. రాయడం, చింపడం. చివరికి నవల పంపడమే మానుకుందామనుకుంది.

“ముగింపు కూడా చెప్పేస్తే ఇంక చదవడానికి ఏం మిగులుతుంది మాస్టారూ?”

వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న తన అక్కగారిని చూపించి, “ముందు మా అక్కకు నీ కథ చెప్పు అమ్మాయ్” అన్నారాయన.

కనకవల్లమ్మగారికి బాగా చెముడు. ఎస్తేరు పక్కన కూర్చుని, గోదావరి మీద తెల్లవారడంతో మొదలుపెట్టింది. ఆ వర్ణనంటే ఆమెకు ప్రాణం.

“వినపడలేదే తల్లీ. అసలు ఎవరి కథ?”

ఎస్తేరు గొంతు పెంచింది. “పడవ నడిపే సత్తెమ్మ కథ, పెద్దమ్మగారూ.”

“ఏమొచ్చింది ఆవిడకి?”

“వరదలో కూతురికి నొప్పులొచ్చాయి. పడవ ఏరు దాటలేకపోయింది. ఆ కూతురు పోయింది.”

ఈనెలు తీసే చేతులు ఆగాయి.

“అప్పట్నుంచీ వంతెన కట్టమని ఆఫీసుల చుట్టూ తిరిగింది.”

“వంతెనొస్తే ఇంక పడవెక్కేదెవరు? ఆవిడ పొట్ట గడిచేదెట్లా?”

“తెలిసే తిరిగింది పెద్దమ్మగారూ.”

గొంతు పెంచినకొద్దీ ఎస్తేరు మాటలు తగ్గాయి. పక్కింటి మేడ మీద ఆరిన బట్టలు తీస్తున్న ఇల్లాలు పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడింది. “ఇంతకీ వచ్చిందాండీ వంతెన?” అని అడిగింది.

“వచ్చిందండీ.”

“మరి ఆ రోజు ఆవిడేం చేసింది?” అన్నారు కనకవల్లమ్మగారు.

ఎస్తేరు తటపటాయించింది. ఆ ముగింపును ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచుకుంది. కానీ ఆవిడ కళ్ళు తన పెదవుల మీదే ఉన్నాయి. వాటిని చూస్తూ చెప్పకుండా ఉండలేకపోయింది.

“ఒక్కతే పడవేసుకుని అవతలి రేవుకు వెళ్ళింది. దాన్ని అక్కడే కట్టేసి, వంతెన మీద నడిచి ఇంటికొచ్చింది.”

పక్కింటావిడ బట్టలు గుండెలకు హత్తుకుని అలాగే నిలబడిపోయింది. తరువాత కనకవల్లమ్మగారు పైటచెంగుతో ముఖం తుడుచుకుని, “పుస్తకం రాగానే నాకొకటి తెచ్చిపెట్టు” అన్నారు.

“కథంతా చెప్పేశానుగా పెద్దమ్మగారూ!”

“ఏం చెప్పావు? నడిచొచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూసిందో లేదో చెప్పావా?”

ఎస్తేరుకు నవ్వొచ్చింది. చాలా రోజులకు మనసు తేలికపడింది. తలెత్తి చూస్తే మాస్టారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

“అరిచిందంతా కాగితం మీద పెట్టు అమ్మాయ్,” అన్నారాయన. “అరిచి చెప్పలేనిది ఎక్కడికీ పోదు, నవల్లోనే ఉంటుంది.”