అచ్చాయమ్మ కొక్కేలు

కాగితానికి ఇంకా మన ఊళ్ళ దారి తెలియని కాలం అది. రాతంతా తాటాకు మీదే, గంటంతోనే. రాసిన ఆకులకు బెజ్జం పెట్టి, తాడు గుచ్చి, కట్ట కడితే అదే పుస్తకం. ఆ కాలంలో చిలకలేటి ఒడ్డున ఒక చిన్న సంస్థానం ఉండేది. అందులో దొరగారి తాతలు కట్టించిన పుస్తకాల ఇల్లు ఉండేది. ఆ ఇంటిని చూసుకునే మనిషి అచ్చాయమ్మ.

అచ్చాయమ్మ పండితురాలేమీ కాదు. మొదట ఆ పని ఆమె మొగుడిది. ఆయన ఆకు తీసి పైకి చదువుతుంటే, ఈవిడ పక్కన కూర్చుని ఆకులకు నిమ్మగడ్డి నూనె రాసేది. రాస్తూ రాస్తూ వినేది. వింటూ వింటూ చదవడం నేర్చుకుంది. ఆయన పోయాక పని తనే అందుకుంది. పొద్దున్నే తలుపు తీయడం, ఆకులను నీడపట్టున ఆరబెట్టడం, నూనె పట్టించడం, మళ్ళీ కట్టి పెట్టడం. పుస్తకాలు కళకళలాడుతూ ఉండేవి. వచ్చి చదివేవాళ్ళే లేరు.

ఆ దేశంలో ఒక ఆచారం ఉండేది. ఏటికి కొత్త నీరు వచ్చిన రోజున, ఎవరూ చదవని పుస్తకాలకు పసుపూ కుంకుమా పెట్టి ఏట్లో వదిలేసేవారు. దాన్ని పుస్తకాన్ని సాగనంపడం అనేవారు.

ఒకరోజు దివాను రంగప్ప వచ్చాడు. వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, ఇల్లంతా ఒకసారి చూశాడు.

"అవ్వా, దొరవారికి కొత్త పల్లకీలు వస్తున్నాయి. పెట్టుకోవడానికి చోటు లేదు. ఈ ఇల్లు బాగుంది."

"మరి పుస్తకాలో బాబూ?"

"ఎవరు చదువుతున్నారు గనక? కొత్త నీరు రాగానే సాగనంపేద్దాం. వీటివల్ల ఎవరికైనా ఏమైనా మేలుందని ఈలోపల చూపించు. అప్పుడు ఆలోచిద్దాం."

అప్పటికే అచ్చాయమ్మకు మతిమరుపు మొదలైంది. పులుసులో ఉప్పు వేశానో లేదో గుర్తుండేది కాదు. తన బుర్రలోంచి జారిపోయేవి జారిపోయినా, ఆకుల్లో ఉన్నాయిలే అని ధైర్యంగా ఉండేది. ఇప్పుడు ఆ ఆకులే పోతాయంటున్నాడు.

"ఎలాగైనా చూపిస్తాను," అనుకుంది.

మొదట ఇల్లంతా అలికింది. ముగ్గులు పెట్టింది. ప్రతి కట్టకూ కొత్త పట్టుగుడ్డ చుట్టింది. దివాను వచ్చి చూశాడు.

"శుభ్రంగా ఉంది. అయితే?" అని వెళ్ళిపోయాడు.

తరువాత పండితులను పిలిచింది. వాళ్ళు వచ్చారు. పుస్తకాలను పొగిడారు, పుస్తకాల ఇంటిని పొగిడారు, మధ్యలో ఒకరినొకరు పొగుడుకున్నారు. బూరెలు బాగున్నాయని ఆవిడను కూడా పొగిడారు. దివాను గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు.

"బాగానే పొగిడారు. అయితే?" అని వెళ్ళిపోయాడు.

అచ్చాయమ్మకు ఏం పాలుపోలేదు. సంత రోజు కావడంతో సంతకు వెళ్ళింది. ఏం కొనడానికి వచ్చిందో మరిచిపోయి, ఒక పక్కన కూర్చుని మనుషుల మాటలు వినసాగింది.

కుమ్మరి గవరమ్మ ఎవరితోనో మొత్తుకుంటోంది. "ఏం చెప్పను వదినా! కాల్చడానికి ఆవంలో పెట్టిన కుండలు పెట్టినట్టే పగులుతున్నాయి."

రైతు చినపోలయ్య తన ఎద్దును చూపిస్తున్నాడు. "కాడి రాసుకుని మెడ వాచిపోయింది. ఏ ఆకు కట్టాలో మా నాయనకు తెలుసు. ఆయన చెప్పకుండానే పోయాడు."

పెళ్ళి సరుకులకు వచ్చిన మంగతాయారు దిగులుగా ఉంది. "పిల్లను అప్పగించేటప్పుడు మా అమ్మమ్మ ఒక పాట పాడేది. మొదటి చరణం దాకా వస్తుంది, ఆ తరువాత రాదు."

అచ్చాయమ్మ దిగ్గున లేచింది. మట్టి పాళ్ళు ఒక ఆకులో ఉన్నాయి. మెడవాపు మందు ఒక ఆకులో ఉంది. అప్పగింతల పాట ఒక ఆకులో ఉంది. అన్నింటికీ తానే నూనె రాసింది!

ముగ్గురినీ వెంటబెట్టుకుని వచ్చింది. కట్ట కిందికి దించింది. తాడు మీద చెయ్యి వేసి ఆగిపోయింది. పుస్తకం తాడు విప్పకూడదు. విప్పితే పుస్తకం ప్రాణం పోయినట్టే అని అందరూ అనేవారు. ఆమె మొగుడూ అనేవాడు.

"ఏట్లో కలిశాక తాడు ఉంటే మాత్రం ఏం లాభం!" అనుకుని విప్పేసింది.

ముగ్గురికీ చదివి వినిపించింది. ఇంటి దగ్గర మళ్ళీ చదివించుకోమని ఆకు చేతికిచ్చింది. ఇచ్చాక తన మతిమరుపు గుర్తొచ్చింది. "అమ్మో! ఎవరికిచ్చానో రేపటికి నాకు గుర్తుంటుందా?"

అందుకని అంది: "మీది ఒకటి పెట్టండి. అది లేకపోతే మీకు తోచనిది పెట్టండి. ఆకు తెచ్చి, మీది మీరు తీసుకోండి."

గవరమ్మ కుండలు తట్టే చెక్క ఇచ్చింది. చినపోలయ్య ఎద్దు మెడలోని గంట ఇచ్చాడు. మంగతాయారు కవ్వం ఇస్తూ, "త్వరగానే వస్తానులే పిన్నీ, ఇది లేకపోతే మా ఇంట్లో మజ్జిగ ఉండదు," అంది. ఆకు ఏ కట్టలోంచి తీసిందో ఆ కట్ట తాడుకే వాళ్ళ వస్తువు కట్టింది అచ్చాయమ్మ.

కుండలు పగలడం మానేశాయని వీధంతా తెలిసింది. ఇంకొకరు వచ్చారు. ఆకు తీసుకుని, తమది ఒకటి పెట్టి వెళ్ళారు. మరొకరు వచ్చారు. ఆకు తీసుకుని, తమది ఒకటి పెట్టి వెళ్ళారు. వానలు మొదలయ్యేసరికి అటకల మీద ఆకులు పలచబడ్డాయి. తాళ్ళకు గరిటెలు, గజ్జెలు, చిలుం గొట్టాలు, చంటిపిల్లల గిలక్కాయలు వేలాడుతున్నాయి. అచ్చాయమ్మకు ఊరంతా ఇంట్లోనే ఉన్నట్టుండేది. గంట తాకితే చినపోలయ్య గుర్తొచ్చేవాడు. కవ్వం తాకితే పాట గుర్తొచ్చేది.

ఏటికి కొత్త నీరు వచ్చింది. దివాను బంట్రోతులతో దిగాడు. దిగి, నోరు వెళ్ళబెట్టాడు.

"అవ్వా! పుస్తకాలేవి?"

"ఊళ్ళో ఉన్నాయి బాబూ."

"ఎవరెవరి దగ్గర?"

అచ్చాయమ్మ నోరు తెరిచింది. ఒక్క పేరూ రాలేదు. భయానికి ఉన్న మతి కూడా పోయింది. "ఉండు బాబూ, ఆ చెక్క ఒకసారి పట్టుకోనీ, చెబుతాను..."

"చెక్కేమిటి? కవ్వమేమిటి? పుస్తకాల ఇల్లా, పాత సామాన్ల కొట్టా ఇది? దొరవారు వస్తున్నారు. ముందు ఈ చెత్త బయట పారేయండిరా!"

బంట్రోతులు తాళ్ళు తెంపారు. అన్నీ తీసి వాకిట్లోకి విసిరేశారు. అన్నీ కలిసిపోయి కుప్ప పడ్డాయి. ఏది ఏ ఆకుదో ఇక ఎవరు చెప్పగలరు? అచ్చాయమ్మ గుమ్మంలో కూలబడింది. ఆకులూ పోయాయి, ఆనవాళ్ళూ పోయాయి.

ఆ విసరడంలో ఎద్దు గంట రాళ్ళ మీద పడి ఖంగుమంది. ఏటి గట్టున కొత్త నీరు చూస్తున్న చినపోలయ్య చెవిన పడింది.

"అది మా ఎద్దు గంటే!" అంటూ పరుగెత్తుకొచ్చాడు.

"నీదైతే పట్టుకుపో," అన్నాడు దివాను.

"ఆకు ఇవ్వకుండా గంట ఎలా పట్టుకుపోతానయ్యా? తప్పు కదూ?" అని వచ్చినంత వేగంగా ఇంటికి పరుగెత్తాడు. దారి పొడుగునా అరుస్తూనే ఉన్నాడు. "అవ్వ దగ్గర పెట్టినవన్నీ వాకిట్లో పారేశారర్రా! ఆకులు తీసుకుని రండి!"

ఊరు ఊరంతా కదిలింది. దొరగారు వచ్చేసరికి వాకిలి జాతరలా ఉంది. ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక తాటాకు.

"ఏమిటిదంతా?" అన్నారు దొరగారు.

"మా కుండలు పగలడం లేదు దొరా," అంది గవరమ్మ.

"అయితే?" అన్నాడు దివాను.

"నా ఎద్దు మళ్ళీ కాడి మోస్తోంది," అన్నాడు చినపోలయ్య.

"అయితే?" అన్నాడు దివాను. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

"పాట విని మా వియ్యపురాలు కూడా ఏడ్చింది బాబయ్యా! ఏడ్చి, లాంఛనాల పేచీ మరిచిపోయింది," అంది మంగతాయారు. వాకిలంతా గొల్లున నవ్వింది.

అంతలో జనం పక్కకు తప్పుకున్నారు. దొరగారి తల్లి చేతికర్ర ఊతంగా వచ్చింది. కుప్పలో వెతికి వెతికి, తమలపాకులు దంచుకునే తన చిన్న ఇత్తడి రోలు బయటికి లాగింది.

"ఎవడురా దీన్ని విసిరింది? చూడు, అంచు సొట్టపోయింది."

దొరగారు తెల్లబోయారు. "అమ్మా, నువ్వు కూడానా?"

"నేను కాక? ఇన్నాళ్ళూ నీ అజీర్తికి కషాయం ఆకాశంలోంచి వచ్చిందనుకున్నావా? పుస్తకాలు ఏట్లో కలుపుతావట! కలుపు. ఆ తరువాత కడుపు పట్టుకుని నా దగ్గరికి రాకు."

దివాను నోరు తెరిచాడు. "అయి..." అని మూసేశాడు.

"మరి పల్లకీలమ్మా?" అన్నారు దొరగారు చిన్నగా.

"పల్లకీ తడిస్తే ఆరుతుంది. ఆకు తడిస్తే ఆరుతుందిట్రా?"

దొరగారికి నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, గుమ్మంలో కూర్చున్న అచ్చాయమ్మ దగ్గరికి వెళ్ళారు.

"అవ్వా, పుస్తకాలు ఎక్కడికీ పోవు. ఇంకేం కావాలో అడుగు."

అచ్చాయమ్మ ఆలోచించింది. "కొక్కేలు కావాలి దొరా. గోడ నిండా కొక్కేలు. తాళ్ళకు కడితే తెంపేస్తున్నారు."

ఆ ఏడాది ఏట్లో ఒక్క ఆకూ కలవలేదు. గోడ నిండా కొక్కేలు వచ్చాయి. కొక్కేల నిండా వస్తువులు వచ్చాయి. తరువాత అచ్చాయమ్మ చాలా మరిచిపోయింది. వీధులు మరిచిపోయింది, పేర్లు మరిచిపోయింది, ఆఖరికి తన వయసూ మరిచిపోయింది. కానీ కొక్కేనికున్న వస్తువు చేతికిస్తే చాలు. "ఇది ఫలానా వాళ్ళది. వాళ్ళకు ఫలానాది కావాల్సి వచ్చింది," అని చెప్పేది. చెప్పి నవ్వేది.

ఆవిడ పోయిన మర్నాడు గవరమ్మ పుస్తకాల ఇంటికి వచ్చింది. గుమ్మం పక్కనున్న కొక్కేనికి కుండలు తట్టే చెక్క తగిలించింది.

కొత్తగా కాపలాకు వచ్చినావిడ అడిగింది. "ఏ ఆకు కావాలమ్మా?"

"ఆకు వద్దు. ఎప్పుడో తీసుకున్నాం ఆవిడ దగ్గర. ఆకైతే తిరిగి ఇచ్చాం, ఆవిడ మేలు తిరిగి ఇద్దామంటే ఆవిడ లేదు. అందుకని ఇది ఇక్కడే ఉంటుంది."

ఆ వెనకే చినపోలయ్య వచ్చాడు. ఆ వెనకే మంగతాయారు వచ్చింది. ఆ వెనకే ఊరొచ్చింది.

ఇప్పటికీ అక్కడ ఏటికి కొత్త నీరు వస్తే, ఇంటికొకరు తమది ఒకటి తెచ్చి ఆ గోడకు తగిలిస్తారు. దాన్ని మళ్ళీ తీసుకోరు. పండక్కి సున్నం వేసేవాళ్ళు కూడా వాటిని దించరు, చుట్టూ వేసి వదిలేస్తారు. ఇక ముసలివాళ్ళెవరైనా మాట మధ్యలో ఆగి, పేరు గుర్తురాక తడుముకుంటే, అక్కడి పిల్లలు వెక్కిరించరు. ఏదో ఒక వస్తువు, చెంబో గరిటో, తెచ్చి వాళ్ళ చేతిలో పెట్టి, ఎదురుగా కూర్చుంటారు.