మేక తెంచలేని తీగ

ఏమే చిట్టీ, కంచె దగ్గర అంతసేపు నిలబడ్డావు, ఏం చూశావో చెప్పు. తీగంటే సరిపోదు. ఆకు నలిపావా? జిగురొచ్చిందా? ముళ్ళ బంతిలాంటి కాయ చూశావా? చూశావు కదా, అయితే విను.

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో పైడమ్మ అని తాళ్ళు పేనే మనిషి ఉండేది. ఊరందరికీ ఒకటే బావి. ఆ బావికి తాడు పైడమ్మదే.

ఒక ఎండాకాలం నీళ్ళు అడుక్కి దిగిపోయాయి. తాడు మూడు మూరలు తక్కువైంది. గోగునార ఉంటే పేనేదే. గోగు చేలన్నీ కామందువి. ఊళ్ళోవాళ్ళు కూలి పెంచమన్నారని వాడికి కడుపుమంట. "ఒక్క పుల్ల ముట్టుకున్నా చేతులు విరగ్గొడతా" అన్నాడు. పిల్లలు ఎండిన కుండలు నాకుతున్నా వాడి మనసు కరగలేదు.

అప్పుడు పైడమ్మ పాత చీరలు ముడేసింది. తడిసి చిరిగాయి. ఆ తర్వాత తాటినార కలిపింది. పుటుక్కున తెగింది.

అంతలో పైడమ్మ మేక అరిచింది. వెళ్ళి చూస్తే కంచె మీది ముళ్ళతీగలో ఇరుక్కుంది. ఎంత గింజుకున్నా తీగ తెగలేదు. కొడవలి పెట్టి కోయాల్సొచ్చింది.

"మేక తెంచలేనిది బిందె తెంచుతుందా?" అనుకుంది పైడమ్మ. ఆకు నలిపింది. బెండకాయలా జిగురు. "ఓసి నీ ఇల్లు బంగారం కానూ! నువ్వు బెండకీ గోగుకీ చుట్టానివి కదే!" అంది.

తీగలు కోసి, గేదెలు దొర్లే బురదగుంటలో నానేసి, పైన రాళ్ళు పెట్టింది. అన్నాళ్ళూ పొరుగూరి నుంచి మోసుకొచ్చిన ముంతెడు నీళ్ళే ఊరికి దిక్కు. మొదటి రోజు లాగితే బెరడు రాలేదు. మూడో రోజు ముక్కలుగా వచ్చింది. ఏడో రోజుకి ఊరంతా కంపు.

"కోడలా, తాడు చేస్తున్నావా, చేపలు కుళ్ళబెడుతున్నావా?" అని అత్త ముక్కు మూసుకుంది.

ఆ రోజే నార జుట్టులా జారి వచ్చింది. కడిగింది, ఎండేసింది, పేనింది, పాత తాడుకి కలిపింది. బిందె నీళ్ళు తాకింది. పిల్లలు తాగారు, మేకలు తాగాయి, చివరికి అత్తా తాగింది.

అప్పుడొచ్చాడు కామందు. "కంచె నాది, తీగ నాది, తాడూ నాదే. ఇటు తే!"

"నువ్వు నాటావా? నీళ్ళు పోశావా? పేరైనా తెలుసా?" అంది పైడమ్మ.

వాడు వినలేదు. తాడు కొస పట్టుకుని, బావికి కాస్త అవతలున్న ఆ బురదగుంట గట్టు మీద నిలబడి లాగాడు. రెండో కొస పైడమ్మ పట్టుకుంది. ఆమె వెనక అత్త, అత్త వెనక ఊళ్ళో ఆడవాళ్ళంతా. వాడు గుంటకి అటు, వీళ్ళు ఇటు. తాడు తెగుతుందనుకున్నాడు వెర్రిబాగులోడు! తెగలేదు. ధబేలుమని బురదగుంటలో పడ్డాడు. పడ్డాక ముక్కు మూసుకోవడానికి చెయ్యేదీ? రెండు చేతులా తాడే!

ఆ తాడుతోనే వాణ్ణి బయటికి లాగారు. మనుషులం కదా మరి. ఆ తర్వాత తాడు కడిగి, బావి దగ్గర తగిలించారు.

కథ కంచి దారి పట్టింది, మన కంటికి కునుకు పట్టింది. పడుకునే ముందు ఒక్క మాట చెప్పవే. ఎవరూ నాటని తీగ ఎవరిది?